డబ్బా చేప, సంగటి ముద్ద

చిత్తూరులో పుట్టి పెరిగిన నాకు డబ్బా అనగానే గుర్తుకు వచ్చేది మామిడి గుజ్జు. మా నాన్న ఏటా జూన్, జూలై నెలల్లో ఒక జ్యూసు ఫ్యాక్టరీలో (గుజ్జు తీసే కర్మాగారాన్ని మా వైపు అందరూ అలాగే అంటారు) డబ్బాలకు మూతలు బిగించే సీమింగు యంత్రం దగ్గర పనిచేసేవారు. తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు ముందు రాత్రంతా బారులు తీరి ఉండేవి, లోపల 3.1 కిలోల డబ్బాలు వరుసగా వచ్చి మూతలు బిగించుకొని వెళ్లేవి. ఉబ్బిన డబ్బాను, అంచు దగ్గర సొట్టపడిన డబ్బాను ముట్టుకోవద్దని ఆయన మాకు చిన్ననాడే నేర్పారు. అందువల్ల డబ్బాలో పెట్టిన తిండి అంటే చాలామందికి ఉండే చిన్నచూపు నాకు ఏనాడూ లేదు. అయినా చేపను డబ్బాలో పెడితే అది చేపగా మిగులుతుందని మాత్రం నేను నమ్మలేదు.

కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా చిన్నమామ ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు, ఖర్జూరాల పొట్లాల కింద నాలుగు చదునైన డబ్బాలు తెచ్చారు. మొరాకో దేశపు సార్డీన్లు అనే చిన్న సముద్రపు చేపలు అవి. నాన్న డబ్బాను చేతిలోకి తీసుకొని, చుట్టూ బొటనవేలితో తడిమి, "సీమింగు బాగా పడింది" అన్నారు. ఆయన దృష్టిలో సగం పరీక్ష అక్కడే ముగిసింది. మూత లాగితే లోపల ఐదు చేపలు, ఒకదాని తోక పక్కన మరొకదాని మెడ వచ్చేలా, వెండి చర్మం చెదరకుండా నూనెలో పడుకొని ఉన్నాయి. పళ్లు లేని మా అవ్వ తొంగిచూసి, "ఏందిరా నాయనా, ముండ్లు తీయకుండానే పెట్టినారే" అని వెనక్కి జరిగింది. మామ ఒక చేపను నిలువునా విప్పి నడుముముల్లు చూపించి, దాన్ని వేళ్ల మధ్య నలిపితే సుద్దముక్కలా పొడి అయింది. ఆ తరువాత అవ్వ రెండు చేపలు తిన్నది.

ముల్లు ఎందుకు అంత మెత్తబడిందో నాన్నే చెప్పారు. మామిడి గుజ్జులో పులుపు ఉంటుంది కనుక ప్రాణం తీసే బొట్యులినమ్ క్రిమి అందులో పెరగలేదు. మరిగే నీటి వేడి సరిపోతుంది. చేపలో ఆ పులుపు లేదు, ఆ క్రిమి స్పోర్లు (విత్తనాల వంటివి) మరిగే నీటికి చావవు. అందుకే మూత బిగించిన డబ్బాలను రిటార్టు అనే పెద్ద ఉక్కుపాత్రలో పెట్టి, ఆవిరి ఒత్తిడితో 115 నుండి 121 డిగ్రీల వరకు వేడి చేస్తారు. మన ప్రెషర్ కుక్కర్ చేసే పనే అది, ఇంకాస్త గట్టిగా. ఆ వేడికే ముల్లు మెత్తబడుతుంది. కొవ్వు తక్కువ ఉన్న చేప అయితే ఆ వేడికి పీచుపీచుగా ఎండిపోతుంది. సార్డీను, కానాగంత వంటి చేపలు మాత్రం తమ నూనెతో తామే తడిగా మిగులుతాయి. డబ్బాకు ఈ చిన్న చేపలే నప్పడానికి ఇదొక ముఖ్య కారణం. 1810లో ఫ్రాన్సు ప్రభుత్వం నుండి 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్న నికొలా అపేర్ గాజుసీసాలను మూసి నీటిలో మరిగించినప్పుడు, తిండి ఎందుకు చెడటం లేదో ఆయనకు తెలియదు; క్రిముల సంగతి శాస్త్రవేత్త పాశ్చర్ తేల్చడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

ఆ నాలుగింటిలో చివరికి మిగిలిన రెండు డబ్బాలతో నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ చిన్నతనంగా ఉంటుంది. చేప కదా అని చింతపండు పులుసులో వేసి, పచ్చిచేపను ఉడికించినట్టే పావుగంట మరిగించాను. చేప కరిగి పులుసంతా బూడిదరంగు గంజి అయింది. అప్పటికే రెండుసార్లు ఉడికిన చేప అది: ఉప్పునీటిలో నానబెట్టి ఆవిరి మీద ఒకసారి, డబ్బాలో రెండోసారి. దానికి మూడో వంట అక్కరలేదు. ఇప్పుడైతే పులుసును ముందుగా చిక్కబరచి, పొయ్యి ఆర్పిన తరువాత చేపలను పైన పరచి మూత పెడతాను. నిజానికి అదీ అరుదే. వేడి రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, డబ్బాలోని నూనెను అందులో పోసి, పక్కన చేపలు, పచ్చి ఎర్రగడ్డ ముక్కలు, నిమ్మచెక్క పెట్టుకొని తినడానికి మించిన పద్ధతి నాకు దొరకలేదు. నూనెను పారబోసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. చేపలోని ఒమేగా కొవ్వుల్లో కొంత అందులోకే దిగుతుంది, రుచి అయితే చాలా దిగుతుంది. చెప్పుకోదగిన సంగటి ఉన్న ఇంట్లో ఆ నూనె వృథా కావలసిన అవసరమే లేదు. టమోటా రసంలో వచ్చే రకాన్ని నేను కొనను. ఆ తీపిపులుపు కింద చేప ఎలాంటిదో తెలియకుండా పోతుంది. నీటిలో వచ్చేదాని గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

ఆంకోవీ సంగతి వేరు. అది మన నెత్తళ్ళకు దగ్గరి చుట్టం. దాన్ని రిటార్టులో వండరు. నెలల తరబడి ఉప్పులో ఊరబెట్టి, ముల్లు తీసి, నూనెలో సర్దుతారు. అందుకే ఆ డబ్బాను చల్లని చోట ఉంచాలి. చెన్నైలో ఒక పెద్ద దుకాణంలో మొదటిసారి కొన్నప్పుడు, ఆ ధరకు తిరుపతిలో కిలో కోడిమాంసం వచ్చేదని లెక్క వేసుకుంటూనే ఇంటికి తెచ్చాను. అవ్వ వాసన చూసి, "ఇది కరువాడే కదరా, నూనెలో వేసినారు, అంతే" అన్నది. ఎండుచేపను మా వైపు కరువాడు అంటారు. ఆమె మాట పట్టుకొని, వంకాయ కరువాడు చేసే పద్ధతిలోనే నాలుగు ఆంకోవీ ముక్కలను వేడినూనెలో, దంచిన తెల్లగడ్డతో పాటు వేశాను. అర నిమిషంలో అవి కనబడకుండా కరిగిపోయాయి. ఆ నూనెలో లేత వంకాయలు మగ్గిన తరువాత కూరలో చేప కనిపించదు గాని, తిన్న ప్రతివారూ ఇందులో ఏమి వేశారని అడుగుతారు. ఉప్పు మాత్రం చివర రుచి చూసి వేసుకోవాలి; మొదట వేస్తే ఆ కూర ఎవరూ తినలేరు.

సార్డీను అనేది ఒక్క చేప పేరు కాదని తెలిశాక డబ్బా వెనుక వైపు చదవడం అలవాటైంది. ఐరోపా సమాఖ్య తన సముద్రాల్లో దొరికే ఒక్క జాతికే ఆ పేరు చెల్లుతుందని పట్టుబడితే, పెరూ దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో వాదించి 2002లో గెలిచింది. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం, ఏ జాతో స్పష్టంగా రాస్తే, 20కి పైగా జాతులను సార్డీన్ల కోవలో అమ్మవచ్చు. మన నూనె కవళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చెన్నై నుండి వచ్చే ఐసు పెట్టెల్లో తమిళంలో మత్తి అనే పేరుతో దిగే చేప అదే. వానలు తగ్గాక దానికి కొవ్వు బాగా పడుతుంది, అప్పుడు పచ్చిచేప ముందు ఏ డబ్బా అయినా తలవంచవలసిందే. కానీ తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ మాకు ఎక్కువగా దొరికేది చెరువు చేపే. బొచ్చె మంచి చేపే అయినా, దానిలో సముద్రం లేదు. డబ్బాలను నేను ఆ రోజుల కోసమే దాచుకుంటాను.

దాచుకోవడంలో ఒక లాభం కూడా ఉంది. ఆలివ్ నూనెలో పెట్టిన సార్డీను, మన ఆవకాయ లాగా, నిలవ ఉండేకొద్దీ ఊరుతుంది. ఫ్రాన్సులో డబ్బా మీద సంవత్సరం వేసి, ఏళ్లపాటు ఉంచి తినేవారు ఉన్నారు. నూనె అన్ని వైపులా పట్టడానికి కొన్ని నెలలకు ఒకసారి డబ్బాను తిరగేస్తారు. నేను రెండేళ్లు ఉంచి చూశాను. చేప మెత్తబడి, నూనెకూ చేపకూ తేడా తెలియనంతగా కలిసింది. తిరుపతి మే నెల ఎండకు భయపడి దాన్ని బియ్యపు డ్రమ్ము వెనుక, ఇంట్లోకెల్లా చల్లని మూలలో పెట్టాను. ఒకటి స్కూటరు డిక్కీలో మరచిపోయి అలిపిరి దాకా వెళ్లి, తనిఖీ కనబడగానే గుర్తుకు వచ్చి వెనక్కి తిరిగిన రోజూ ఉంది. కొండ మీదికి మాంసాహారం వెళ్లకూడదు, ఎంత బిగించిన డబ్బాలో ఉన్నా సరే.

వచ్చే నెల చిన్నమామ మళ్లీ వస్తున్నారు. నూనెలో ఉన్నవే తెమ్మని నేను ఫోనులో చెబుతుండగా, వెనుక నుండి అవ్వ తన వాటా కూడా లెక్కలో వేయమని కేక వేసింది. నాన్న అడిగింది ఒక్కటే: సొట్టలు లేకుండా చూసి తెమ్మనమని.