సెర్చ్‌లో ఏం కొట్టామో చూడాలంటే మధ్యలో జడ్జి ఉండాలి

గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో చాలా ఏళ్ళు నెట్ సెంటర్ నడిపాను. ఎంసెట్ ఫలితాలు, రైలు టికెట్లు, పాస్‌పోర్టు అప్లికేషన్లు, హాల్ టికెట్ ప్రింట్లు, ఇదంతా బయటికి కనిపించే పని. మూలనున్న సిస్టమే కావాలని అడిగి కూర్చునేవాళ్ళు మాత్రం వేరే పని మీద వచ్చేవాళ్ళు. ఊళ్ళో ఎవరినీ అడగలేని సంగతి ఏదో ఉండేది వాళ్ళకి.

చాలామందికి విండో మూసేయాలని తెలిసేది కాదు. తర్వాతి మనిషికి సిస్టమ్ ఇవ్వబోతే ముందు వాళ్ళు కొట్టింది తెర మీదే ఉండేది. మా వీధి చివర ఎరువుల కొట్టాయన ‘ఐపీ పెడితే ఇల్లు పోతుందా’ అని, అంటే దివాలా పిటిషన్ వేస్తే ఏమవుతుందని కొట్టాడు. బజార్లో ఆయన పరపతికి ఢోకా లేదని అందరూ అనుకుంటున్న రోజులవి. రిటైరైన మాస్టారొకాయన బయాప్సీ రిపోర్టులోని మాటలు ఒక్కొక్కటే కొట్టి అర్థం చూసుకున్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. పెద్దింటి కోడలొకావిడ జిరాక్స్‌ల కోసం వచ్చి, పది నిమిషాలు సిస్టమ్ అడిగి, 498ఎ కంప్లైంటు ఎలా ఇవ్వాలో చదువుకుని వెళ్ళింది. ఆ పది నిమిషాల సంగతి అత్తవారింట్లో తెలిస్తే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. షట్టర్ దించేముందు అన్ని సిస్టమ్‌లలో హిస్టరీ తుడిచేసేవాణ్ణి.

2011 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ కేఫ్‌లకి నిబంధనలు తెచ్చింది. వచ్చిన ప్రతి మనిషి గుర్తింపు కార్డు చూడాలి, పేరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము రిజిస్టర్లో రాయాలి, ఏడాదిపాటు దాచాలి. ఏ వెబ్‌సైట్లు చూశారో ఆ హిస్టరీ కూడా దాచాలి. క్యాబిన్ల మధ్య అడ్డు నాలుగున్నర అడుగుల ఎత్తు దాటకూడదు. క్యాబిన్ లేకపోతే తెర బయటివైపుకి తిప్పి ఉంచాలి. ఆ రోజు వడ్రంగిని పిలిచి చెక్కలు కోయిస్తుంటే, మూల సిస్టమ్ కోసం వచ్చేవాళ్ళు ఇకమీదట ఎక్కడికి వెళ్తారని దిగులేసింది.

కొన్నాళ్ళకి ఒక కానిస్టేబుల్ వచ్చి ఆ వారం రిజిస్టర్ పేజీలన్నీ జిరాక్స్ తీసి ఇమ్మన్నాడు. ఏ కేసు, ఎవరి గురించి అంటే ‘పైనుంచి అడిగారు’ అన్నాడు. చేతిలో కాగితం ముక్క లేదు. తనిఖీకి చూపించాల్సిందేనని నిబంధనల్లో ఉంది కాబట్టి చూపించాను. ఆ పేజీల్లో ఆ కోడలి పేరూ ఉంది.

ఇప్పుడు నెట్ సెంటర్లు దాదాపు పోయాయి. ఫోన్‌లో చూసుకుంటున్నాం, పక్కన ఎవరూ లేరు కదా అని ధైర్యం. రిజిస్టర్ మాత్రం ఎక్కడికీ పోలేదు. లాగిన్ అయి ఉండి, సెట్టింగుల్లో ఆపుకోకపోతే, మనం కొట్టిన ప్రతి మాటా టైముతో సహా గూగుల్ ఖాతాకింద చేరుతుంది. లాగిన్ కాకపోయినా ఐపీ అడ్రస్, అంటే మన నెట్ కనెక్షన్‌ని గుర్తించే నంబరు ఉంటుంది, ఆ ఐపీ ఆ నిమిషంలో ఎవరి కనెక్షనో నెట్ కంపెనీ చెప్పగలదు. ఇంకాగ్నిటోలో కొడితే మన ఫోన్‌లో హిస్టరీ ఉండదు, అంతవరకే. అవతల ఉండేది ఉంటుంది.

పేర్లు తీసేస్తే ప్రమాదం లేదంటారు. 2006 ఆగస్టులో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ పరిశోధకుల కోసమని దాదాపు ఆరున్నర లక్షల మంది మూడు నెలల సెర్చ్‌లు, సుమారు 2 కోట్లు, పేర్లు తీసేసి నంబర్లతో నెట్‌లో పెట్టింది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు 4417749 అనే నంబరు కింద ఉన్న సెర్చ్‌లు చదువుకుంటూ పోయి, జార్జియా రాష్ట్రంలో ఒక 62 ఏళ్ళ వితంతువు ఇంటి తలుపు తట్టారు. వేళ్ళు తిమ్మిరెక్కడం గురించి, తన కుక్క గురించి, తన ఊళ్ళో తోటపని చేసేవాళ్ళ గురించి ఆమె వెతికింది. మనిషిని పట్టుకోవడానికి అవే చాలాయి.

అంతకు దాదాపు ఏడాది ముందే అమెరికా న్యాయశాఖ గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్, ఏఓఎల్‌లను సెర్చ్‌ల సమాచారం అడిగింది. నేరం జరిగి కాదు, పిల్లల్ని అశ్లీలం నుంచి కాపాడే ఒక చట్టాన్ని కోర్టులో సమర్థించుకోవడానికి లెక్కలు కావాలని. గూగుల్‌ని మొదట అడిగింది రెండు నెలల సెర్చ్‌లన్నీ! మిగతావాళ్ళు ఎంతోకొంత ఇచ్చారు, గూగుల్ ఇవ్వనంది, దాంతో న్యాయశాఖే కోర్టుకెళ్ళింది. 2006 మార్చిలో జడ్జి జేమ్స్ వేర్ 50 వేల వెబ్ చిరునామాలు ఇవ్వమని, జనం కొట్టిన సెర్చ్‌లు మాత్రం ఇవ్వక్కర్లేదని తీర్పిచ్చారు. మధ్యలో జడ్జి ఉండబట్టే ఆ అడుగు అక్కడ ఆగింది.

మన దగ్గర? పోలీసు దర్యాప్తు, క్రిమినల్ కేసుల విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్పీసీలో సెక్షన్ 91 ఉండేది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో అది సెక్షన్ 94 అయింది. దర్యాప్తుకి అవసరమనుకుంటే స్టేషన్ అధికారి రాతపూర్వకంగా అడగొచ్చు, కోర్టుకి వెళ్ళక్కర్లేదు. కొత్త చట్టంలో డిజిటల్ సాక్ష్యాన్ని పేరుపెట్టి మరీ చేర్చారు. అదే సెక్షన్ చివర్లో, పోస్టాఫీసు చేతిలో ఉన్న ఉత్తరానికీ పోస్టుకార్డుకీ ఇది వర్తించదని రాసి ఉంది. వాటిని ఇప్పించాలంటే తర్వాతి సెక్షన్ ప్రకారం జిల్లా మెజిస్ట్రేటో, చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటో, ఆపై కోర్టో ఆదేశించాలి. దారిలో పోస్టుమ్యాన్ చదివేసే కార్డుకి ఉన్న రక్షణ, ఆ మాస్టారు భార్యకి కూడా చెప్పకుండా వెతుక్కున్న జబ్బు పేరుకి లేదు. ఇది నాకు ఎంతమాత్రం మింగుడుపడదు.

పోలీసులు అడిగినవన్నీ గూగుల్ ఇచ్చేస్తుందని నేననను. కొన్ని తిరస్కరిస్తుంది, లెక్కలు ఆరు నెలలకోసారి బయటపెడుతుంది. కానీ మన హక్కు ఒక కంపెనీ దయ మీద ఉండకూడదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమంది ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. అయినా 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు కుర్రాళ్ళని ఆపి, ఫోన్ తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అని వెతుకుతున్న వీడియోలు అందరం చూశాం. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టమైనా అడ్డు నిలుస్తుందా అంటే, భద్రత, శాంతిభద్రతల పేరుతో ఏ ప్రభుత్వ సంస్థనైనా దాని పరిధి నుంచి తప్పించే అధికారం కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది.

నేరస్థుల్ని పట్టుకోవద్దా అని మా తమ్ముడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. 2020 ఆగస్టులో అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఒక ఇంటికి నిప్పుపెట్టారు. సెనెగల్ నుంచి వచ్చిన కుటుంబం, పసిపిల్లలతో సహా ఐదుగురు పోయారు. ఆ ఇంటి అడ్రస్‌ని ముందు రోజుల్లో ఎవరు వెతికారో చెప్పమని పోలీసులు వారంట్‌తో గూగుల్‌ని అడిగారు. ముగ్గురు కుర్రాళ్ళు దొరికారు. దొరకాల్సిందే. కేసు కొలరాడో సుప్రీంకోర్టుదాకా వెళ్తే, పోలీసులు సద్భావంతో నడుచుకున్నారు కాబట్టి సాక్ష్యం చెల్లుతుందని 2023లో అంది. అదే తీర్పులో, సెర్చ్ హిస్టరీ మీద మనిషికి రాష్ట్ర రాజ్యాంగం ఇచ్చిన గోప్యత హక్కు ఉందనీ తేల్చింది. అక్కడ కూడా పోలీసులు ముందు జడ్జి సంతకం తెచ్చుకున్నాకే గూగుల్ దగ్గరికి వెళ్ళారు. నేనడిగేదీ అంతే.

మీ వంతుగా చేసుకోగలిగింది ఒకటుంది. గూగుల్‌లో ‘మై యాక్టివిటీ’లోకి వెళ్ళి ఆటో డిలీట్‌ని మూడు నెలలకి పెట్టుకోండి. కొత్త ఖాతాలకి మామూలుగా పద్దెనిమిది నెలలు ఉంటుంది, పాతవాటిలో మీరు మార్చకపోతే ఏళ్ళ తరబడి ఉండొచ్చు.

మిగతాది చట్టం చెయ్యాలి. మా ఎంపీకి ఉత్తరం రాశాను. సెర్చ్ హిస్టరీ ఇప్పించాలంటే పోస్టుకార్డుకి లాగే మెజిస్ట్రేట్ ఆదేశం ఉండాలని, దర్యాప్తు ముగిశాక ఎవరి హిస్టరీ తీశారో ఆ మనిషికి రాతపూర్వకంగా తెలియజేయాలని, కేసుతో సంబంధం లేనివాళ్ళ వివరాలు స్టేషన్‌లో ఉంచకుండా చెరిపేయాలని అడిగాను.