దిగుతున్నారా?

ఏథెన్స్‌లో నాలుగు రోజులున్నాం. కొండ మీది అక్రొపోలిస్ శిథిలాల గురించి చాలామంది రాశారు, నేను రాయను. నాకు మనసులో నిలిచిపోయింది ఏథెన్స్ రేవు పిరియస్‌కి వెళ్ళే రైలు.

"అక్కడేముంది, దీవులకు ఓడ ఎక్కడానికి తప్ప?" అన్నాడు హోటల్ కుర్రాడు. గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'రిపబ్లిక్' మొదలయ్యేది అక్కడే. గ్రీకులో ఆ గ్రంథం మొట్టమొదటి మాట 'కతెబేన్', అంటే దిగాను అని. నిన్న గ్లాకన్‌తో (ప్లేటో అన్న) కలిసి పిరియస్‌కి దిగాను, అంటాడు అందులో కథ చెప్పే సోక్రటీస్. ఊరు ఎత్తున, రేవు పల్లాన ఉన్నాయి కాబట్టి దిగాడనుకోవచ్చు. కానీ హోమర్ కావ్యం 'ఒడిస్సీ'లో వీరుడు ఒడిస్యూస్ ఇల్లు చేరాక, తాను మృత్యులోకానికి వెళ్ళిన రోజు గురించి భార్యకి చెప్పేదీ ఇదే మాటతో.

మొనాస్తిరాకి స్టేషన్‌లో ఎక్కాను. టికెట్ 1.20 యూరోలు. థిస్సియో నుంచి రేవు దాకా ఈ లైను 1869 నాటిది. పెట్రలోనా, తావ్రోస్, కల్లిథేయా... ఎక్కేవాళ్ళే గానీ దిగేవాళ్ళు లేరు. మొస్కాతో దాటాక తలుపు దగ్గర నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. నల్ల బట్టల్లో ఒక పెద్దావిడ, చేతిలో టమాటాల సంచి. "కతెవేనెతే?" అంది. నాకు అర్థం కాలేదు. వేలితో తలుపు చూపించి మళ్ళీ అడిగింది.

ఒళ్ళు గగుర్పొడిచింది. దిగుతున్నారా, అంటోంది! ఆ 'కతెబేన్' మాటే. మన సిటీ బస్సుల్లో రోజూ వినే మాటే. మనమూ బస్సు దిగుతాం, బావిలోకీ దిగుతాం. ఇంగ్లిష్‌లో చదివినన్నాళ్ళూ ఈ రెండు దిగడాలూ ఒకటే మాటని నాకు తట్టలేదు. పక్కకి జరిగితే ఆవిడ ఫాలిరోలో దిగిపోయింది.

పిరియస్‌లో ఎండ, హారన్లు, ఓడల పొగ. చిన్న చేపల వేపుడు పద్నాలుగు యూరోలు, అడక్కుండా తెచ్చిపెట్టిన రొట్టెకి వేరే బిల్లు. చాలా కోపం వచ్చింది. సోక్రటీస్‌ని దారిలో ఆపేసి తీసుకెళ్ళిన పోలెమార్కస్ ఇల్లు, అతని ముసలి తండ్రి కెఫాలస్ సోక్రటీస్‌తో మాట కలిపిన ఇల్లు, ఎక్కడుండేదో చెప్పే బోర్డు నాకెక్కడా కనబడలేదు.

రేవు గట్టు మీద కూర్చుని కెఫాలస్ మాటలే మళ్ళీ చదివాను. చావు దగ్గర పడేకొద్దీ, ఒకప్పుడు నవ్వి కొట్టిపారేసిన పాతాళం కథలు నిజమేమోనని మనిషిని పీడిస్తాయట. డబ్బు వల్ల అన్నిటికన్నా పెద్ద లాభం దేవుళ్ళకి, మనుషులకి బాకీ పడకుండా పోవడమేనట. మా తాతయ్య ఆఖరి ఏడాది అరుగు మీద కూర్చుని, కిరాణా కొట్టాయనకి పదిహేను రూపాయలు బాకీ ఉన్నానని నన్ను పంపాడు. ఆ కొట్టాయన పోయి అప్పటికే ఇరవై ఏళ్ళయింది. ఆయన కొడుకు వద్దన్నాడు. తాతయ్య వినలేదు, మళ్ళీ పంపాడు. వైతరణి గురించి అడిగేవాడు కూడా, చిన్నపిల్లాడిలా.

ప్లేటో ఈ భయాన్ని అక్కడితో వదిలెయ్యలేదు. మనుషులు బందీలై నీడలే చూస్తూ బతికే ఒక గుహని ఊహించి, అందులోంచి బయటపడి సూర్యుణ్ణి చూసినవాళ్ళే మళ్ళీ చీకట్లోకి దిగాలంటాడు, వంతుల వారీగా, లోపలున్నవాళ్ళ కోసం. చివర్లో యుద్ధంలో చనిపోయిన ఎర్ అనేవాడు పన్నెండో రోజు చితి మీద లేచి, పరలోకంలో చూసిందంతా చెబుతాడు. చెప్పడానికే అతన్ని వెనక్కి పంపారు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చేది అదే.

చీకటి పడ్డాక తిరుగు రైలెక్కాను. మొనాస్తిరాకి వస్తోంటే తలుపుకి అడ్డంగా ఒకాయన నిలబడి ఉన్నాడు.

"కతెవేనెతే?" అన్నాను.

"నే," అన్నాడు. గ్రీకులో అవునని.