పర్లాకిమిడిలో మంచు పంచాయితీ

గుణుపురం పాసింజరు తిలారు దాటేసరికి సిగ్నల్ పోయింది. సరిగ్గా అప్పుడే బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో జపాన్ ఫిగర్ స్కేటర్ యుజురు హన్యూ రింక్ మధ్యకి వచ్చి నిలబడ్డాడు. 2022 ఫిబ్రవరి 10. రెండు ఒలింపిక్ బంగారాలున్న మనిషి. మొదటి విడతైన షార్ట్ ప్రోగ్రామ్‌లో స్కేటు ఐసులో గుంటకి తగులుకుని ఎనిమిదో స్థానానికి దిగిపోయాడు. ఇక పోయేదేముందన్నట్టు, అంతవరకూ పోటీల్లో ఎవరూ సాధించని నాలుగున్నర చుట్ల గెంతు, క్వాడ్ ఆక్సెల్, వేస్తానని వచ్చాడు. నా ఫోన్‌లో మాత్రం బఫరింగ్ చక్రం తిరుగుతోంది. అది నాలుగున్నర చుట్లు ఎప్పుడో దాటేసింది.

కోటబొమ్మాళి దగ్గర సిగ్నల్ వచ్చింది. హన్యూ పడ్డాడు. అయినా ఆ గెంతుని క్వాడ్ ఆక్సెల్‌గానే రాసుకున్నారు, చుట్టు కాస్త తక్కువైందన్న గుర్తుతో. పోటీల చరిత్రలో ఆ పేరుతో నమోదైన మొదటి గెంతు అదే. చివరికి నాలుగో స్థానం. బంగారం అమెరికా కుర్రాడు నేథన్ చెన్‌కి. ఎదురు సీట్లో జీడిపప్పు సంచులతో కూర్చున్నాయన నా మొహం చూసి "ఎవరైనా పోయారా బాబూ?" అనడిగాడు. స్కేటింగని చెబితే ఇంకో నాలుగు ప్రశ్నలొస్తాయని, క్రికెట్ అనేశాను. ఆయన స్కోరెంత అన్నాడు!

మావయ్యకి గుండెలో స్టెంట్ వేసినప్పుడు కోవిడ్ గొడవల్లో చూడ్డానికి వెళ్ళలేకపోయాను. మూడో వేవ్ సద్దుమణిగాక బయల్దేరాను. వింటర్ ఒలింపిక్స్ జరుగుతున్న రోజులే ఎంచుకోవడం అనుకోకుండా ఏమీ జరగలేదు. మా ఇంట్లో వీటిని చూసే మనిషిని నేనొక్కణ్ణే. మావయ్య ఇంట్లోనైతే కనీసం తిట్టడానికైనా పక్కన కూర్చుంటారు.

నౌపడ ఉప్పు మడులు, టెక్కలి, పాతపట్నం. పాతపట్నం దాటి కాస్త ముందుకెళితే పర్లాకిమిడి, రాష్ట్రం మారిపోతుంది. ఒకప్పుడు రెండూ ఒకే జమీందారీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఇది అటు వెళ్ళింది, అది ఇటు మిగిలింది. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠం చెబుతూ వాడుక భాష కోసం పండితులతో తగాదా పడ్డ ఊరు ఇదే. స్టేషను బయట రిక్షా అతను ఒడియాలో రేటు చెప్పి, నేను బేరమాడగానే తెలుగులో కోప్పడ్డాడు. ఊళ్ళో ఏ రెండు దుకాణాలు చూసినా బోర్డు ఒక లిపిలో, బేరం ఇంకో భాషలో.

మావయ్య కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. అత్తయ్య సంగీతం టీచరు. వీళ్ళ మధ్య టీవీ పెట్టుకుని నేను చేసిన పని, ఫోన్‌కి కేబుల్ తగిలించి బీజింగ్‌ని వాళ్ళ హాల్లోకి తేవడం.

"ఏటల్లుడూ, చైనావోళ్ళ ఆటలా?" మావయ్య మొదటి అభ్యంతరం. అందులో న్యాయం లేకపోలేదు. గల్వాన్‌లో మనవాళ్ళతో తలపడ్డ సైనికాధికారికి చైనా జ్యోతి పట్టుకునే గౌరవం ఇచ్చిందని మన ప్రభుత్వం ఆరంభ, ముగింపు ఉత్సవాలకు దౌత్యాధికారిని పంపనంది. దూరదర్శన్ ఆ రెండూ లైవ్ ఇవ్వనంది. మన ఆటగాడు మాత్రం జెండా పట్టుకుని నడిచాడు. ఆయన వెనక నడవడానికి ఇంకో భారత ఆటగాడు లేడు. జట్టంతా ఆయనే, కశ్మీర్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్. "మరైతే ఆయన్ని చూద్దాం" అంది అత్తయ్య. దాంతో ఆ కేసు వాయిదా పడింది.

13వ తేదీ ఆదివారం. పొద్దున్న ఏడూ ముప్పావుకే ఆరిఫ్ దిగే స్కీయింగ్ పోటీ, జెయింట్ స్లాలమ్, మొదటి పరుగు. ఇడ్లీలోకి ఘుగుని వేసుకుని అందరం టీవీ ముందు చేరాం. ఘుగుని అంటే బఠాణీల కూర, అటువైపు టిఫిన్లన్నిటికీ తోడు. పక్కింటి ఒడియా మాస్టారు కూడా వచ్చారు. బీజింగ్ కొండల మీద ఆ క్రీడల కోసం పరిచిందంతా దాదాపు యంత్రాలతో తయారుచేసిన మంచే. ఆ ఆదివారం మాత్రం ఆకాశం నుంచి అసలు మంచు కురిసింది. దానివల్ల దారి కనపడక రెండో పరుగు ఆలస్యమైంది. మాస్టారు దీన్ని చాలాసేపు ఆస్వాదించారు. దేవుడి మంచు దొంగ మంచుని కొట్టేసిందని ఒడియాలో ఏదో సామెత కూడా చెప్పారు.

ఈ ఆటలో పెద్దగా చెప్పుకోవలసిన మతలబు లేదు. ఎర్రవి, నీలంవి గేట్లుంటాయి. వాటిని వరసగా చుట్టుకుంటూ కిందికి రావాలి. ఒక్క గేటు తప్పితే ఇంటికే. రెండు పరుగుల టైము కలుపుతారు. వెనక నంబరు వచ్చినవాళ్ళకి అప్పటికే ముందువాళ్ళు కోసేసిన దారి దొరుకుతుంది. ఆరిఫ్‌ది బాగా వెనక నంబరు. స్విట్జర్లాండ్ కుర్రాడు మార్కో ఓడర్మాట్ రెండు పరుగులూ కలిపి 2 నిమిషాల 9.35 సెకన్లలో దిగాడు, బంగారం. ఆరిఫ్ 2 నిమిషాల 47.24 సెకన్లు. 45వ స్థానం.

"నలభై ఐదా?" అంది మనవరాలు చిన్ని. తొమ్మిదో తరగతి, మార్కుల విషయంలో కరుకు.

"కిందపడి, గేటు తప్పి వెళ్ళిపోయినోళ్ళెంతమందో చూసినావా? ఆళ్ళ పేరు పక్కన నంబరే లేదు" అన్నాడు మావయ్య. అప్పటిదాకా నేనే ఆరిఫ్ తరఫున వాదించాలనుకుంటున్నాను, వకాల్తా ఆయన తీసేసుకున్నాడు. ఇలాంటి పోటీలే ఆయనకి నచ్చుతాయి. గడియారం ఉంది, గేట్లున్నాయి. అప్పీలుకి పోయే పని లేదు. "నువ్వు చూసే ఆ గెంతులాటలో జడ్జీలు తొమ్మిదిమంది! తొమ్మిదిమంది ఉన్న బెంచి ఎప్పుడైనా ఒకే మాట మీద ఉంటుందా?"

ఇదీ ఆ ఇంట్లో అసలు తగాదా. మావయ్యది గడియారం పార్టీ, అత్తయ్యదీ నాదీ మార్కుల పార్టీ. ఆయన చేతిలో 2002 సాల్ట్‌లేక్ సిటీ అనే ఆయుధం పెట్టింది నేనే. జంటల స్కేటింగ్‌లో ఫ్రెంచి జడ్జి వ్యవహారం రచ్చకెక్కి, ముందు రష్యా జంటకే ఇచ్చిన బంగారాన్ని కెనడా జంటకి కూడా ఇవ్వాల్సొచ్చింది. ఆరుకి ఇన్ని అంటూ వేసే పాత మార్కుల పద్ధతి ఆ దెబ్బకే పోయింది. ఇప్పుడు ఏ గెంతుకి ఎన్ని మార్కులో ముందే పట్టిక ఉంటుంది. గెంతు ఎంత శుభ్రంగా పడిందనేదాన్ని బట్టి జడ్జీలు దానికి ప్లస్ అయిదు నుంచి మైనస్ అయిదు దాకా వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ వేసినదీ, తక్కువ వేసినదీ తీసేసి సగటు కడతారు. అత్తయ్య ఇది వినగానే గట్టిగా తలూపింది. స్కూలు పోటీల్లో ఏళ్ళ తరబడి జడ్జీగా కూర్చున్న మనిషి. "హెడ్మాస్టారి కూతురికి పదికి పది వేసే జడ్జి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు, ఆయన కాగితం పక్కన పెట్టెయ్యాల్సిందే" అంది.

సోమవారం బావతో కలిసి చంద్రగిరి వెళ్ళాను. ఒడిశా పంచాయతీ ఎన్నికలు మొదలవబోతున్నాయి. కొండ దారంతా మైకుల ఆటోలు, ఒడియా పాటల మధ్యలో అభ్యర్థి గుర్తు. చంద్రగిరి టిబెటన్ల ఊరు. 1960లలో వచ్చి స్థిరపడ్డ శరణార్థులు. జిరంగ్ దగ్గర పద్మసంభవ మహావిహారం 2010లో దలైలామా చేతుల మీదుగా మొదలైంది. మొక్కజొన్న చేల మధ్య నుంచి ఉన్నట్టుండి ఆ బంగారు కప్పులు కనిపిస్తే ఎవరైనా బండి ఆపుతారు. మేమూ ఆపాం. మోమోలు తిన్న కొట్టు పెద్దాయన చలికాలాల్లో మన ఊళ్ళకొచ్చి స్వెట్టర్లు అమ్మినవాడు. తెలుగు రాదంటూనే మూడు వందల యాభై, నాలుగు వందలు, ఆఖరి రేటు అన్నీ శుభ్రంగా పలికాడు. నా ఫోన్‌లో స్కీయింగ్ చూసి, "బీజింగ్‌వి మేం పెట్టం" అన్నాడు హిందీలో, చట్నీ గిన్నె జరుపుతూ. అంతకుమించి ఏమీ అనలేదు. నేను ఫోన్ జేబులో పెట్టేశాను. తిరుగు దారిలో మళ్ళీ తీశాను. ఆటగాళ్ళది ఏ తప్పూ లేదని నాకు నేను చెప్పుకునే వాదన ఉంది, బలమైనదే. అయితే ఆ కొట్లో కూర్చుని అది పైకి అనగలిగే వాదన కాదు.

ఆ దారిలోనే వార్త. పదిహేనేళ్ళ రష్యా స్కేటర్ కమీలా వలియేవా పోటీలో దిగవచ్చని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం చెప్పింది. డిసెంబరు 25న తీసిన శాంపిల్‌లో ట్రైమెటాజిడిన్ అనే గుండె మందు దొరికింది. ఆ ఫలితం బయటికి వచ్చేసరికి ఆమె బీజింగ్‌లో జట్టు పోటీ ఆడేసింది, వాళ్ళ జట్టే మొదటి స్థానం. పదహారు నిండని పిల్ల కాబట్టి, ఇప్పుడు ఆపేస్తే తర్వాత పూడ్చలేని నష్టం కాబట్టి ఆడనివ్వమన్నారు. ఆమె మొదటి ముగ్గురిలో ఉంటే మాత్రం పతకాల కార్యక్రమమే పెట్టమని ఒలింపిక్ కమిటీ ప్రకటించింది.

మర్నాడు రాత్రి భోజనాల దగ్గర ఇది చెబుతుంటే మావయ్య చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళి మాత్రల డబ్బా తెచ్చాడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బా. అందులోంచి ఒక స్ట్రిప్ తీసి, కళ్ళజోడు పైకి నెట్టి, వెనక ఉన్న సన్నక్షరాలు వెలుతురుకి పెట్టి కూడబలుక్కుని చదివాడు. ట్రై-మెటా-జిడిన్. రెండు పూటలా వేసుకుంటున్నాడు.

"మరి ఆళ్ళ లాయరేటన్నాడు?"

"వాళ్ళ తాతగారి మందట మావయ్యా. తాత వాడిన గ్లాసులో తాగడం వల్ల ఒంట్లోకి పోయుండొచ్చని."

అందరూ చిన్ని వైపు చూశారు. రోజూ తాతయ్య మంచం పక్కనున్న చెంబెత్తి గటగటా తాగేసి స్కూలుకి పోయే పిల్ల. "నేనేం ఒలింపిక్స్‌కి వెళ్ళట్లేదు కదా!" అంది. ఆ రాత్రి నుంచే ఆమె చెంబు వేరైంది. మావయ్య మాత్రం కేసు వదల్లేదు. ఆడనివ్వడం అంటే నిర్దోషి అన్నట్టు కాదు, అది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే, అసలు విచారణ ముందుంది అని మాకందరికీ రెండుసార్లు చెప్పాడు.

17వ తేదీ గురువారం, అమ్మాయిల ఫ్రీ స్కేట్, అంటే రెండో విడత. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మాస్టారు భార్యతో సహా వచ్చేశారు. గడియారం పార్టీ నాయకుడు అందరికన్నా ముందే కుర్చీ వేసుకున్నాడు.

ముందు రష్యా అమ్మాయి అలెక్సాండ్రా త్రుసోవా. అయిదు క్వాడ్లు, అంటే నాలుగేసి చుట్ల గెంతులు. ఒలింపిక్స్‌లో ఏ అమ్మాయీ చెయ్యని పని. గెంతు గెంతుకీ అత్తయ్య తొడ మీద తాళం వేస్తూ, కిందకి దిగిన ప్రతిసారీ "పడింది, పడింది" అంటోంది. ఆమె భాషలో పడడం అంటే తాళానికి సరిగ్గా పడడం, మాస్టారి భార్యకి మాత్రం ప్రాణం పోతోంది. తర్వాత వచ్చిన ఇంకో రష్యా అమ్మాయి అన్నా షెర్బకోవావి రెండే క్వాడ్లు. అయితే ఎక్కడా తొందర లేదు. చేతి వేళ్ళ చివర్ల దాకా పాట వినిపిస్తుంది. అందరికన్నా ఆఖరున వలియేవా. రెండుసార్లు పడింది. పడనప్పుడు తూలింది. "మధ్యలో ఆపేసి వెళ్ళిపోకూడదా?" అంది చిన్ని. ఎవరికీ కామెంట్లు రాలేదు. 141.93 మార్కులు. మొత్తం మీద నాలుగో స్థానం, దాంతో పతకాల కార్యక్రమానికి అడ్డు తొలగింది.

ఆ తర్వాత కెమెరా చూపించింది నాకు అసలు నచ్చలేదు. బంగారం గెలిచిన షెర్బకోవా ఒక్కతే సోఫాలో కూర్చుంది, దగ్గర మనిషన్నవాడు లేడు. రెండో స్థానం వచ్చిన త్రుసోవా ఏడుస్తూ అరుస్తోంది. వలియేవాతో కలిపి ఈ ముగ్గురికీ కోచ్ ఒక్కావిడే, ఎటేరి టుట్‌బెరిడ్జె. అమ్మాయిల్ని పదిహేనేళ్ళకే ఈ స్థాయికి తెచ్చే పద్ధతిలో ఏదో పాడయిందని ఆ అరగంట చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అదే ఏడాది జూన్‌లో సీనియర్ల కనీస వయసుని మెల్లమెల్లగా పదిహేడుకి పెంచాలని స్కేటింగ్ సంఘం తీర్మానించింది కూడా.

ఇంట్లో మాత్రం అప్పుడే యుద్ధం మొదలైంది. త్రుసోవాకి అన్యాయం జరిగిందని మాస్టారి భార్య. అయిదెక్కడ, రెండెక్కడ! నాట్యమంటే గెంతులు లెక్కపెట్టడం కాదని అత్తయ్య. మావయ్య ఎవరికీ జవాబివ్వకుండా పాత కరెంటు బిల్లు తిరగేసి పెన్ను అడిగాడు.

ఆ రోజు ఫ్రీ స్కేట్‌లో త్రుసోవా 177.13, షెర్బకోవా 175.75. అంటే ఆ రోజు గెలిచింది త్రుసోవాయే, 1.38 తేడాతో. షార్ట్ ప్రోగ్రామ్‌లో 74.60, 80.20. అక్కడ 5.60 వెనకబడింది. మొత్తం 251.73, 255.95. తేడా 4.22. "షార్ట్‌లో ఏటయింది?" అనడిగాడు. మూడున్నర చుట్ల గెంతు, ట్రిపుల్ ఆక్సెల్, వేసి పడిందన్నాను. "దాని ఖరీదెంత?" మూల విలువ 8. పడితే అందులో సగం పోతుంది, పైగా పడినందుకు ఇంకో మార్కు కోత.

బిల్లు మీద పెన్ను ఆగింది. "అంటే అయిదు. ఆ ఒక్క గెంతు మీద పడకుండా, పొగడ్తలేవీ లేకుండా, ఉత్తినే నిలబడినా 256.73. బంగారం!" ముప్పావు మార్కు తేడాతో త్రుసోవాని గెలిపించేసి, ఆ కాగితం మాస్టారి భార్యకి చూపించాడు. అక్కడితో ఆగలేదు. మరి పడుతుందని తెలిసీ అది ఎందుకు వేసింది, వెయ్యకపోతే ఎంతొచ్చేది, కోచ్ ఎందుకు ఒప్పుకుంది? రాత్రి పదకొండయ్యింది. ఆరిఫ్ పరుగు మీద ఆ ఇంట్లో జరిగిన చర్చ పావుగంట. గడియారం చెప్పాక ఇక మాట్లాడ్డానికేముంది? ఈ కరెంటు బిల్లు మీద మాత్రం మర్నాడు పొద్దున్న కాఫీల దాకా సాగింది, నేను బాగా తృప్తిపడ్డాను.

అసలు విచారణ ముగియడానికి 2024 జనవరి వచ్చింది. వలియేవాకి 2021 డిసెంబరు 25 నుంచి లెక్కేసి నాలుగేళ్ళ నిషేధం. జట్టు బంగారం అమెరికాకి, వెండి జపాన్‌కి పోయాయి. ఆ రాత్రి నేను చెయ్యకముందే పర్లాకిమిడి నుంచి ఫోన్.

"చెప్పినానా లేదా అల్లుడూ, మధ్యంతరం వేరు, తీర్పు వేరు!"

వెనకాల నుంచి మాస్టారి భార్య గొంతు: "ఆ అయిదు క్వాడ్ల పిల్లకి ఇప్పుడైనా బంగారం ఇచ్చారా లేదా, అదడగండి ముందు."

ఇవ్వలేదని చెప్పాను. అయితే ఆ తీర్పు తనకి సమ్మతం కాదంది.