భూకంపానికి ఎస్పెరాంతోలో ఏ మాట?

2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన భూకంపం గురించి ఎస్పెరాంతోలో (దేశాల మధ్య వాడుక కోసం కల్పించిన కృత్రిమ భాష) నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నా, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయా, ఎందుకంటే మాటలు రెండున్నాయి: తెర్‌త్రేమో, సిస్మో.

మొదటిది అచ్చం మన భూకంపంలాగే కట్టిన మాట, తేరో అంటే భూమి, త్రేమి అంటే వణకడం, కొత్తగా నేర్చుకునేవాళ్లకి కూడా డిక్షనరీ అక్కర్లేదు. సిస్మో గ్రీకు నుంచి వచ్చింది, పొట్టిది, సిస్మోగ్రాఫో (కంపాల్ని నమోదు చేసే పరికరం) పక్కన చక్కగా కుదురుతుంది. కానీ సునామీలో వేలమంది పోయిన సంగతికి అది ల్యాబ్ రిపోర్టులా అనిపించింది (నాకే అలా ఉందేమో). తెర్‌త్రేమో అనే రాశా. భూకంప తరంగాల దగ్గర మాత్రం సిస్మా అనే విశేషణమే వాడా, అక్కడ ఇంకోటి పొసగదు.

అసలు తమాషా ఏంటంటే మొదటి మాటలో భూమి ఇరుక్కుపోయి ఉంది కదా, మరి చంద్రుడి మీద అపోలో యాత్రికులు పెట్టిన పరికరాలు పట్టుకున్న కంపాల్ని ఏమనాలి? లూనోత్రేమో అనేయొచ్చు, హాయిగానే ఉంది. టెన్షన్ అంతా అంగారకుడితోనే. మార్స్‌త్రేమో అని రాస్తే మధ్యలో ఒక్క 'స్' జారిపోయినా మార్‌త్రేమో అయిపోతుంది, అంటే సముద్రకంపం! అందుకే 2022 మేలో అంగారకుడి మీద ఉన్న నాసా వ్యోమనౌక ఇన్‌సైట్ నమోదు చేసిన 4.7 తీవ్రత కంపం గురించి రాస్తే మాత్రం సిస్మోకే నా ఓటు.