స్పేర్ పార్టులు దొరుకుతాయా?

మా విమానంలో కుడి సీటు పక్కన గాలి లోపలికొచ్చే గొట్టం ఒకటుంది. దానికి అరచేతిలో సగం ఉండే గుండ్రటి ప్లాస్టిక్ మూత. 2024 జూలై నాటికి అది విరిగి ఏడాది దాటింది. నేల మీద ఉన్నంతసేపూ ఏం కాదు. ఆరు వేల అడుగులకి వెళ్లాక మాత్రం కుడి సీటులో కూర్చున్నవాళ్ల మోచేయి చల్లబడిపోయేది. కంపెనీకి రాస్తే "బ్యాక్ ఆర్డర్‌లో ఉంది" అని, అంటే ఇప్పుడు స్టాకు లేదు, వచ్చాక పంపుతామని మెయిల్ వచ్చింది. మూడు నెలలకోసారి నేను అడిగేవాణ్ణి, వాళ్లు అదే వాక్యం పంపేవాళ్లు.

విమానం అనగానే మరీ ఎక్కువగా ఊహించుకోకండి. 1978లో తయారైన నాలుగు సీట్ల సింగిల్ ఇంజన్ బండి అది. అందులో నాది సగం వాటా, మిగతా సగం రిటైరైన ఒక బడి మాస్టారిది. నా వాటాకి పెట్టిన డబ్బుతో ఇక్కడ మంచి కారు వస్తుంది. ఏ కంపెనీదో రాయను. రేపు ఇంకో పార్టు కోసం మళ్లీ వాళ్ల గుమ్మమే తొక్కాలి కదా.

2024 జూలైలో నాన్న మా దగ్గరే ఉన్నాడు. తెనాలి పక్క ఊరు మాది. వరి, ఆ తర్వాత మినుము, మధ్యలో నీళ్ల గొడవలు: నలభై ఏళ్లు అదే ఆయన జీవితం. షికాగో శివార్లలో మా ఇంట్లో కూర్చుని బోర్ కొడుతోందంటే, ఆష్‌కాష్ ఎయిర్‌షోకి పోదాం రమ్మన్నాను. విస్కాన్సిన్‌లో ఏటా జూలై చివర వారం రోజులు జరిగే సంత అది. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే సంఘం 1970 నుంచీ ఆ ఊళ్లోనే నడుపుతోంది. ఆ వారంలో పదివేల దాకా విమానాలు వచ్చి వాలతాయి. చాలామంది రెక్క కిందే గుడారం వేసుకుని పడుకుంటారు.

మేమూ మా విమానంలోనే వెళ్లాం. రిపన్ అనే ఊరి దగ్గర వరుసలో చేరాలి. అక్కణ్నుంచి రైలు పట్టాల మీదుగా 1,800 అడుగుల ఎత్తులో, 90 నాట్ల వేగంతో, ఒకరి వెనక ఒకరుగా ఫిస్క్ అనే ఊరి దాకా పోవాలి. మనం రేడియోలో ఏమీ మాట్లాడకూడదు. కింద నిలబడ్డ కంట్రోలర్ మన విమానం రంగు చెప్పి "రెక్కలు ఊపు" అంటే ఊపాలి, అదే జవాబు. నాన్న తన తుండుగుడ్డని ఉండ చేసి గాలి గొట్టంలో కుక్కి, హాయిగా కిందకి చూస్తున్నాడు. "ఎందుకురా ఊపుతున్నావ్?" అన్నాడు. చెప్పాను. "తిరుమలలో లైను కూడా ఇంత పద్ధతిగా ఉండదు" అన్నాడు.

దిగి, గుడారం వేసుకుని, మర్నాడు పొద్దున్నే మా విమానం తయారుచేసిన కంపెనీ టెంటుకి వెళ్లాం. టెంటంటే టెంటు కాదు. చెక్క నేల, ఏసీ, కాఫీ మెషీను. మధ్యలో తళతళలాడే కొత్త విమానాలు, చుట్టూ తాడు. తాడు దాటాలంటే చేతిలో టాబ్లెట్ పట్టుకున్న కుర్రాడు ఊఁ అనాలి.

అతను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇప్పుడు ఏం నడుపుతున్నారు?" మాట కలపడానికి అడిగినట్టే ఉంటుంది. నిజానికి జల్లెడ అది. ఈ జవాబుతోనే మనం ఏ గడిలో పడతామో తేలిపోతుంది. వేరే కంపెనీ విమానం, అదీ కాస్త కొత్తది నడుపుతున్నామంటే మనం కాబోయే అల్లుడు. చల్లటి నీళ్లు, కుర్చీ, డెమో ఫ్లైట్‌కి అపాయింట్‌మెంట్. పోయినేడాదే వీళ్ల విమానం కొన్నామంటే కొత్త అల్లుడు. చేతికి రిస్ట్‌బ్యాండు, సాయంత్రం విందు, వచ్చే మోడల్‌కి మారతారా అని మెల్లగా ఒక మాట.

"మీదే. 1978ది" అన్నాను నేను.

"ఓ! అయితే మీరు మా కుటుంబమే!" అన్నాడు. ముఖం నిండా నవ్వు, చూపు మాత్రం నా భుజం మీంచి వెనకెవరున్నారా అని. మూత సంగతి చెప్పాను. క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు ఇచ్చాడు. స్కాన్ చేస్తే ఏడాదిగా నేను నింపుతున్న ఫారమే తెరుచుకుంది. కుటుంబమే, కాదన్లేను. పాత అల్లుడు పండక్కొస్తే మంచం వాల్చుకోమని వరండా చూపిస్తారు చూడండి, ఆ లెక్క.

ఇంతలో అతని కళ్లు నాన్న మీద పడ్డాయి. తెల్ల చొక్కా, వేలికి పచ్చరాయి ఉంగరం, మెడలో పులిగోరు గొలుసు. తాడు ఇవతల నిలబడి ప్రొపెల్లర్‌ని ఎగాదిగా చూస్తున్నాడు, గిత్తని చూసినట్టు. డబ్బు ఈ పెద్దాయన దగ్గరుందని కుర్రాడికి ఏ దేవుడు చెప్పాడో మరి! తాడు తీసేశాడు. "ఫాదర్ చూస్తారా?" అని నన్నే అడిగి, నాన్నని జాగ్రత్తగా ఎక్కించి కూర్చోబెట్టాడు. ఆ మోడల్ ధర మిలియన్ డాలర్లకి అటూ ఇటూ. తోలు సీట్లు, టీవీల్లాంటి రెండు తెరలు. అంతకుముందు నా చేతికి కార్డు ఇచ్చిన మనిషే ఇప్పుడు నాకు నీళ్ల సీసా తెచ్చిచ్చాడు.

నాన్న తీరిగ్గా కూర్చుని బేరం మొదలుపెట్టాడు. నేను దుబాసీని.

"మైలేజీ ఎంత?" గంటకి ఎన్ని గాలన్లో చెప్పాడు.

"ఏ నూనె?" పెట్రోలు, ఇంకా సీసం కలిపిందే. నాన్న ముఖం చిట్లించాడు.

"స్పేర్ పార్టులు దొరుకుతాయా?"

కుర్రాడు నవ్వి వారంటీ గురించి ఒక నిమిషం చెప్పాడు.

"వారంటీ అయ్యాక సంగతి అడుగుతున్నాను."

ఈ మాట అనువదించాలా వద్దా అని ఒక క్షణం ఆగాను. చెప్పేశాను. తమ సర్వీసు సెంటర్ల నెట్‌వర్క్ చాలా పెద్దదని అన్నాడతను. నాన్న తలూపి, సీటు తోలుని ఒకసారి తడిమి, దిగిపోయాడు. బయటికొచ్చాక "ట్రాక్టర్ల షోరూమే" అన్నాడు.

ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. తొంభైల్లో ఆయన ట్రాక్టరు కొన్నప్పుడు డీలరు బండికి పూలదండ వేయించి, మాకు కూల్‌డ్రింకులు తాగించి, ఫొటో తీయించాడు. మరుసటేడు సరిగ్గా దమ్ము రోజుల్లో హైడ్రాలిక్ సీలు పోయింది. అదే షోరూములో అదే మనిషి ఖాతా పుస్తకంలోంచి తలెత్తలేదు. నాన్న తెనాలిలో లేత్ మిషన్ దగ్గర కూర్చుని, పాత సీలు కొలతలిచ్చి, సాయంత్రానికి చేయించుకొచ్చాడు.

మిగతా టెంట్లలోనూ తిరిగాం. బిజినెస్ జెట్‌ల దగ్గర మెట్ల ముందు బూట్లు విప్పమన్నారు, లోపల కార్పెట్ పాడవకుండా. నాన్నకి ఇది బాగా నచ్చింది, గుడిలాగే ఉందని. లోపలికి వెళ్లాలంటే మాత్రం అపాయింట్‌మెంట్ కావాలి, దేవుడికి కూడా.

కాబోయే అల్లుళ్ల మర్యాద ఎక్కడిదాకా పోతుందో తెలియాలంటే ఇదే ఆష్‌కాష్‌లో 2007లో జరిగింది చూడాలి. సెస్నా కంపెనీ ఆ జూలైలో స్కైక్యాచర్ అనే రెండు సీట్ల చిన్న విమానం ప్రకటించింది. మొదట్లో ఆర్డరిచ్చినవాళ్లకి ధర 1,09,500 డాలర్లు. జనం డిపాజిట్లు పట్టుకుని వరసకట్టారు, ఆర్డర్లు వెయ్యి దాటాయి. తయారీ చైనాలోని షెన్యాంగ్‌లో అన్నారు. పరీక్షల్లో రెండు విమానాలు కూలాయి, డెలివరీలు 2009 డిసెంబరుకి గానీ మొదలు కాలేదు. మొదటి విమానం అందుకున్నది అప్పటి సెస్నా అధినేత జాక్ పెల్టన్ గారి భార్య. (ఆ పెల్టన్ గారే తర్వాత ఈ ఆష్‌కాష్ నడిపే సంఘానికి చైర్మన్ అయ్యారు.) 2011 చివరికి ధర 1,49,900 అయింది. ఆర్డర్లు రాలిపోయాయి. 2013లో దానికి భవిష్యత్తు లేదని కంపెనీయే చెప్పేసింది. చేతికందినవి రెండు వందల లోపే. అమ్ముడుపోని వాటిని తర్వాత తుక్కు చేసేశారు. 2007లో టెంటు ముందు నిలబడి ఫొటోలు దిగినవాళ్లలో ఎందరో ఆ విమానంలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఎక్లిప్స్ అనే కంపెనీ కథ ఇంకా ఘోరం. మిలియన్ డాలర్లలోపు బుల్లి జెట్ అని ఊరించి డిపాజిట్లు తీసుకున్నారు. 2008 నవంబరులో దివాలా. విమానం రాలేదు, డబ్బూ పోయింది. విమానం చేతికొచ్చినవాళ్లయినా సుఖపడ్డారా అంటే, సర్వీసు చేసే కంపెనీయే లేకుండా పోయింది.

కంపెనీల వైపునా ఒక లెక్క ఉందిలెండి, అది చెప్పకపోతే పాపం. మా విమానం పుట్టిన 1978లో అమెరికా కంపెనీలు 17,811 చిన్న విమానాలు అమ్మాయి. 1994 వచ్చేసరికి 928. కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి, ముప్పై ఏళ్ల కిందటి విమానం కూలినా తయారీదారు మీద దావా వేసే వీలుండటం. 1994లో చట్టం మార్చి, పద్ధెనిమిదేళ్లు దాటిన విమానం గురించి తయారీదారు మీద సాధారణంగా దావా కుదరదన్నారు. ఆ తర్వాతే సెస్నా పదేళ్లుగా ఆపేసిన చిన్న విమానాల తయారీ మళ్లీ మొదలుపెట్టింది. అంటే మా విమానం వాళ్ల దృష్టిలో ఒకప్పుడు ఎటునుంచి లాయరు నోటీసు తెస్తుందో తెలియని పిశాచం. ఇప్పుడు పైసా ఆదాయం లేని ముసలిది. ప్లాస్టిక్ మూత కోసం అచ్చు మళ్లీ పోయించి, కాగితాలన్నీ సిద్ధం చేసి, ఏడాదికి ఆరు అమ్ముకుంటే వాళ్లకేం మిగులుతుంది? అర్థమవుతుంది. కుటుంబం అనకుండా ఉంటే చాలు, నాకు కోపమే రాదు.

పెద్ద విమానాల లోకంలోనూ ఇదే తంతు, సున్నాలు ఎక్కువ. 2024 జనవరిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు బేగంపేటలో వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శన చూశాను. అకాసా ఎయిర్ 150 బోయింగ్‌లకి ఆర్డరిచ్చింది అక్కడే. బోయింగ్ 777ఎక్స్ వచ్చి నిలబడితే జనం కంచె ఇవతలనుంచే సెల్ఫీలు. అంతకుముందు ఏడాది జూన్‌లో పారిస్ ఎయిర్‌షోలో ఇండిగో ఒకేసారి 500 ఎయిర్‌బస్‌లకి సంతకం పెట్టింది. 500 కొనేవాళ్లకి వారంటీ అయ్యాక సంగతి కూడా కాగితం మీద రాసిస్తారు. వాళ్ల వెనక లాయర్లుంటారు. నా వెనక నాన్న ఉన్నాడు.

మళ్లీ ఆష్‌కాష్‌కి వద్దాం. మధ్యాహ్నం ఎండలో ఇంజన్ కంపెనీ టెంటు ముందు ఆగాం. అక్కడ టాబ్లెట్ కుర్రాళ్లు లేరు. గోళ్లలో గ్రీజు మరకలు పోని ఒక పెద్దాయన ఉన్నాడు. చల్లని పొద్దుల్లో స్టార్ట్ చేయగానే మా ఇంజన్ ఒకరకంగా దగ్గుతుందని చెప్పాను. దగ్గు ఎలా ఉంటుందో నోటితో చేసి చూపించమన్నాడు. చేశాను. "ఎన్ని నిమిషాలకి పోతుంది?" అన్నాడు. వాల్వ్ గైడ్, అంటే వాల్వ్ కాడ ఆడే గొట్టం, చూపించమని, అది ఎలా చూడాలో ఒక కాగితం మీద బొమ్మ గీసిచ్చాడు. నేను వచ్చే పదేళ్లలో కొత్త ఇంజన్ కొంటానో లేదో అడగలేదు. ఇంజన్లు అమ్మేవాళ్లకి పాత విమానమే కొత్త బేరం, నిజమే, అయినా ఆ పావుగంట నాకు దక్కింది.

అసలు సంగతి చివరి టెంటులో తేలింది. ఒక్కో రకం విమానానికి దాని యజమానులు పెట్టుకున్న క్లబ్బులుంటాయి. బొనాంజా వాళ్లకొకటి, సిరస్ వాళ్లకొకటి, అలా. బొనాంజా వాళ్లయితే 1990 నుంచీ ఏటా రాక్‌ఫర్డ్‌లో గుమికూడి, వరసలు కట్టి ఒకేసారి ఆష్‌కాష్‌లో దిగుతారు. కంపెనీకి ఇంతకంటే పెద్ద ప్రకటన ఉంటుందా? అదీ సొంత పెట్రోలు పోసుకుని.

మా రకం క్లబ్బు టెంటులో ఏసీ లేదు. మడత కుర్చీలు, ఐస్ పెట్టెలో నిమ్మరసం. డెబ్బై దాటిన ఒకామె కూర్చుని ఉంది. మూత అనగానే "కుడి వైపుదేనా?" అంది. అందరికీ అదే విరుగుతుందట! కంపెనీ కోసం ఎదురుచూడొద్దు, యజమాని తన విమానం కోసం తానే పార్టు చేయించుకోవచ్చు, అమెరికా రూల్స్‌లో ఆ వెసులుబాటుంది అంది. కొలతలో, డ్రాయింగో, మెటీరియలో, పనిలో మన పాత్ర నిజంగా ఉండాలి, మెకానిక్ చూసి ఒప్పుకోవాలి, లాగ్‌బుక్కులో ఎక్కించాలి. ప్లాస్టిక్ అయితే మంటకి ఎలా తట్టుకుంటుందో చూపించాలి కాబట్టి అల్యూమినియంతో చేయించుకోవడం సులువు, మీ దగ్గర్లో ఫలానా ఎయిర్‌పోర్టులో మా సభ్యుడి హ్యాంగర్‌లో లేత్ ఉందంటూ నంబరు రాసిచ్చింది.

"ఏమంటోంది?" అన్నాడు నాన్న.

"లేత్ మిషన్ మీద మనమే చేయించుకోమంటోంది."

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. నిమ్మరసం రెండోసారి కూడా తాగాడు. తన సీలు కథ మొత్తం చెప్పించాడు నాచేత, దమ్ము అంటే ఏమిటో కూడా.

మూత సెప్టెంబరులో తయారైంది. అప్పటికి నాన్న ఊరెళ్లిపోయాడు. మెకానిక్ బిగించి సంతకం పెట్టాక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. బాగుందనో బాలేదనో అంటాడనుకుంటే, వాయిస్ మెసేజ్ వచ్చింది: "సరేగానీ, గొట్టంలోంచి తీసిన నా తుండు ఉతికి ఎవరైనా వస్తుంటే పంపించు."