మొర్రి టెంకలు: ఐదో విడత కూడా నుజ్జే

మొర్రి పండ్ల టెంకలను తిరగలిలో పగలగొట్టి లోపలి సారపప్పును నిండుగా తీయాలని చూస్తున్నాను. ఈ విడతలోనూ నిండు పప్పు కన్నా నుజ్జే ఎక్కువ వచ్చింది. రెండు వారాల పాటు ఎండబెట్టి, లెక్కపెట్టి దాచుకున్న మొర్రి టెంకలు తిరగలిలో పోసిన కాసేపటికే నూనె జిడ్డుతో ముద్ద కట్టడం చూస్తే ఎంతటి ఓపిక గలవారికైనా విసుగు పుడుతుంది. పండ్ల గుజ్జుతో కాచిన పానకం మాత్రం మొదటిసారే చక్కగా కుదిరింది.

విడతకు నూరు టెంకల చొప్పున తీసుకున్నాను. రాళ్ల నడుమ ఎడం 4.5 మి.మీ. ఉన్నప్పుడు 29 పప్పులు నిండుగా వచ్చాయి, 58 చితికాయి, 13 టెంకలు అసలు పగలలేదు. ఎడాన్ని 5.5 మి.మీ.కు పెంచితే చితికినవి 17కు తగ్గాయి గాని, 60 టెంకలు చెక్కుచెదరకుండా బయటికి వచ్చాయి. ఎండ ఎక్కువై పప్పు పెళుసెక్కిందేమోనన్న అనుమానంతో మూడో విడత టెంకలను పది నిమిషాలు నీళ్లలో ముంచి, రెండు గంటలు నీడన ఆరబెట్టాను. నిండు పప్పులు 34కు పెరిగినా, వాటిలో సగం పెంకు లోపలి వైపు అంటుకుపోవడంతో సూదితో ఊడదీయవలసి వచ్చింది.

నాలుగు, ఐదు విడతల్లో గుండ్రని రంధ్రాల జల్లెడతో పెద్దవాటినీ చిన్నవాటినీ వేరుచేసి, ఎడం మార్చి విసిరాను. నిండు పప్పులు నాలుగో విడతలో 31, ఐదో విడతలో 30. అప్పుడు గాని కొలబద్ద తీయాలన్న ఆలోచన రాలేదు. (వస్తువును దవడల నడుమ పట్టి కొలిచే కాలిపర్ ఈ పనికి ఖరీదైనది అక్కరలేదు, ప్లాస్టిక్‌ది చాలు.) యాభై టెంకలను కొలవగా వెడల్పు 6.7 నుంచి 8.1 మి.మీ. వరకు, మందం 4.8 నుంచి 6.4 మి.మీ. వరకు ఉంది, పైగా ఈ రెండింటికీ పొంతన లేదు. గుండ్రని రంధ్రం టెంకను వెడల్పును బట్టి ఆపుతుంది. తిరగలిలో బల్లపరుపుగా పడుకున్న టెంకను రాయి మందం మీద నొక్కుతుంది. అంటే నేను ఇన్నాళ్లూ వేరుచేసింది పనికిరాని కొలతను బట్టి! పైరాయి ఒక పక్కకు ఒరగడం వల్ల ఎడంలో 0.6 మి.మీ. తేడా రావడం కూడా కొంత కారణమై ఉండవచ్చు.

మామిడి, జీడిమామిడి కుటుంబానికే చెందిన ఈ చెట్టు టెంకకు అంచు చుట్టూ అతుకు ఉంటుంది. పట్టకారుతో ఆ అంచు మీద ఒత్తిన ఇరవైలో 18 రెండు బద్దలుగా విడిపోయి, పప్పు నిండుగా వచ్చింది. పద్ధతి మంచిదే గాని, కిలో టెంకలకు వేళ్లు నిలవవు. సుత్తితో కొట్టడం నా దృష్టిలో పప్పును పాడుచేయడమే. చితికిన పప్పు త్వరగా మక్కు వాసన పట్టేస్తుంది కనుక, అదంతా ఆ రోజే పాయసంలో వేసేశాను.

పాత సైకిలు చువ్వలను 5.5 మి.మీ. ఎడంతో చట్రానికి బిగించి, మందాన్ని బట్టి వేరుచేసే జల్లెడ చేయాలని ఇప్పుడు అనుకుంటున్నాను. అది కుదిరితే పైరాయి ఒరుగుడు సరిచేసి, మిగిలిన నాలుగు వందల టెంకలను రెండు ఎడాల్లో విసురుతాను. వచ్చే వేసవిలో పూర్తిగా నల్లబడిన పండ్లనే ఏరుకోవాలి. ఈసారి పచ్చివాటిలో పప్పు ముడుచుకుపోయి కనిపించింది.