ఖరీదైన హెడ్‌ఫోన్స్ మొదట్లో చప్పగా ఎందుకుంటాయి

ముప్పై నలభై వేలు పోసి కొన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చాలామంది నోట వచ్చే మాట "ఇందులో బేస్ ఏదీ?" కాసేపయ్యాక ఇంకోటి: "హైహ్యాట్ (డ్రమ్స్ తాళం) చెవిలో గుచ్చుకుంటోంది." అమ్మినాయన్ని అడిగితే "రెండొందల గంటలు ప్లే చేయండి సార్, అదే ఓపెన్ అవుతుంది" అంటాడు. రెండొందల గంటలయ్యేసరికి వాపసు గడువు కాస్తా దాటిపోతుంది.

మొదటి వారాల్లో మారేది హెడ్‌ఫోన్ కన్నా వినేవాడి మెదడే. ఆ అలవాటు కొన్నిటిని సర్దేస్తుంది, కొన్నిటిని ఎన్నాళ్లైనా సర్దలేదు. ఏది ఏదో ముందే తెలిస్తే, ఉంచుకోవాలో తిప్పి పంపాలో వారంలో తేల్చుకోవచ్చు.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600నే తీసుకుందాం. 1997లో వచ్చింది, 300 ఓమ్‌లు, ఓపెన్ బ్యాక్, అంటే కప్పు వెనక జాలీ తెరిచి ఉండే రకం. గొంతు, వయొలిన్, వీణ ఉండే మధ్య భాగం ఇందులో చాలా సమంగా ఉంటుంది. 50 హెర్ట్జ్ కిందికి పోయేకొద్దీ బేస్ జారిపోతుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సంగతి వేరు. బస్సుల్లో, రోడ్ల మీద వినడానికి చేసినవి కాబట్టి వాటిలో చాలావరకు బేస్ కావాలనే ఎత్తి పెడతారు. ఏళ్ల తరబడి వాటితో విన్న చెవికి అదే మామూలు. రోజూ ఆవకాయ కలుపుకునే నోటికి ముద్దపప్పు ఎలా తగులుతుందో ఇదీ అంతే. నిజంగానే ఉప్పు తక్కువైందా, నాలుక అలవాటు వల్ల అలా అనిపిస్తోందా అన్నది మొదటి ముద్దకి తేలదు.

రెండూ కొంత నిజమే కావచ్చు. హర్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఓలివ్ బృందం 2010ల్లో చేసిన పరీక్షల్లో ఎక్కువమంది శ్రోతలు సుమారు 100 హెర్ట్జ్ కింద కొన్ని డెసిబెల్స్ ఎత్తు ఉన్న ధ్వనినే ఇష్టపడ్డారు. హెచ్‌డీ 600 ఆ ఎత్తు ఇవ్వదు. కాబట్టి "నీ చెవే బాగోలేదు" అని కొత్తగా కొన్నవాణ్ణి కసిరే పాతకాపుల మాట సగమే పట్టించుకోండి.

మెదడు అలవాటు పడుతుందన్న దానికి గట్టి ఆధారమే ఉంది. 1998లో నెదర్లాండ్స్‌లో హాఫ్‌మన్, వాన్ ఒప్‌స్టల్ తదితరులు కొందరి చెవి దొప్పల్లో అచ్చులు పెట్టి చెవి ఆకారాన్నే మార్చేశారు. శబ్దం పైనుంచి వస్తోందో కిందనుంచి వస్తోందో వాళ్లకి తెలియకుండా పోయింది. కొన్ని వారాలకి మళ్లీ తెలియడం మొదలైంది. అచ్చులు తీసేస్తే పాత చెవుల లెక్క వెంటనే పనిచేసింది కూడా. అంటే కొత్తది నేర్చుకోవడానికి మెదడు పాతదాన్ని చెరిపేయనక్కర్లేదు. హెడ్‌ఫోన్ కూడా చెవి దొప్పతో కలిసి ఇలాంటి తేడానే తెస్తుంది: ప్యాడ్ మందం, డ్రైవర్ (లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) వాలు, చెవికీ డ్రైవర్‌కీ మధ్య దూరం మారితే 3 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా మారుతుంది. గాయకుడు నుదుటి దగ్గర ఉన్నాడా, తల మధ్యలో ఉన్నాడా అన్నది మొదటి రోజు ఒకలా, రెండు వారాలకి ఇంకోలా అనిపించడం ఇందువల్లే.

డ్రైవర్ అసలు మారదా అంటే, డయాఫ్రమ్ (అందులో కంపించే పల్చటి పొర) అంచు వాడేకొద్దీ కాస్త మెత్తబడొచ్చు. కానీ కొలిచే యంత్రం మీద అదే హెడ్‌ఫోన్‌ని తీసి మళ్లీ పెడితే వచ్చే తేడా, ఆ మెత్తబడటం వల్ల వచ్చే తేడాకి సమానంగానో అంతకన్నా ఎక్కువగానో ఉంటుంది. రాత్రంతా పింక్ నాయిస్ (హోరులాంటి పరీక్ష శబ్దం) పెట్టి అల్మరాలో వదిలేయడం నా లెక్కలో కరెంటు దండగ. ఆ గంటలు చెవులకి పెట్టుకుని వింటే ఉపయోగం.

నిజంగా మెత్తబడేవి ప్యాడ్స్. తల వేడికి, ఒత్తిడికి ఫోమ్ అణిగి, చెవి డ్రైవర్‌కి దగ్గరవుతుంది, అంచు చెంపకి బాగా అతుక్కుంటుంది. హెచ్‌డీ 600 కొత్తలో తలని గట్టిగా పట్టేస్తుంది. బ్యాండ్‌ని పూర్తిగా సాగదీసి, స్టీల్ పట్టీ బయటికొచ్చిన చోట రెండు చేతులతో మెల్లగా బయటివైపు వంచితే బిగువు తగ్గుతుంది. ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని మాత్రం వంచొద్దు, అక్కడే పగులుతుంది. అలాగని మరీ వదులు చేస్తే బేస్ ఇంకా తగ్గుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకి ఇదే తిప్పలు: ఫ్రేమ్ కాడ దగ్గర ప్యాడ్ లేచి సందు పడుతుంది. క్లోజ్డ్ బ్యాక్‌లోనూ, చాలా ప్లానార్ (బల్లపరుపు డయాఫ్రమ్ ఉన్న) మోడల్స్‌లోనూ ఆ చిన్న సందుకే లోతైన బేస్ బాగా పడిపోతుంది. సన్నటి కాడ ఉన్న జోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి అదే పాట వినండి. తేడా కొట్టొచ్చినట్టు తెలిస్తే మీ సమస్య హెడ్‌ఫోన్‌ది కాదు. చెవి మీద పడే జుట్టుదీ ఇదే కథ.

అలవాటు సంగతి తర్వాత, ముందు మీకొచ్చిన హెడ్‌ఫోన్‌లో లోపం ఉందో లేదో చూడాలి. మోనో పాట ఒకటి పెట్టండి, 1950లు, 60ల సినిమా పాటలు ఇందుకు భేషుగ్గా పనికొస్తాయి. గొంతు సరిగ్గా మధ్యలో ఉండాలి. ఎడమకి జరిగిందనుకోండి, హెడ్‌ఫోన్స్‌ని తిప్పి పెట్టుకోండి, ఎడమది కుడికి. గొంతు కుడికి మారితే తేడా హెడ్‌ఫోన్‌లోనో, కేబుల్‌లోనో, యాంప్‌లోనో (శబ్దాన్ని పెంచే పెట్టె) ఉంది. తిప్పినా ఎడమకే ఉంటే మీ చెవుల్లోనే తేడా, గుమిలి తీయించుకుని చూడండి. హెడ్‌ఫోన్ వైపే వేలు చూపిస్తే యాంప్ మార్చి చూడాలి: చవక యాంపుల్లో వాల్యూమ్ గుండీ బాగా తక్కువలో ఉన్నప్పుడు రెండు పక్కలూ సమానంగా రావు, గుండీ ఇంకాస్త తిప్పితే సర్దుకుంటుంది.

ఆ తర్వాత ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా జరపండి. శుభ్రమైన గుంయిమనే మోత రావాలి. మధ్యలో ఎక్కడైనా కాగితం చిరిగినట్టు "జిర్ర్" మంటే చాలాసార్లు కారణం ఒక వెంట్రుక. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ గ్రిల్‌లోంచి, ప్యాడ్ లోపలి పల్చటి ఫోమ్ పక్కనుంచి దూరి డయాఫ్రమ్‌ని తాకుతూ ఉంటుంది. ప్యాడ్ ఊడదీసి, ఫోమ్ పక్కకి తీసి, టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది, పట్టకారుతో అంచు పట్టి లాగేయొచ్చు. గాలి ఊదే బ్లోయర్‌తో మాత్రం కొట్టకండి, డయాఫ్రమ్ లోపలికి సొట్టపోతుంది. హెచ్‌డీ 600 కేబుల్ ఊడదీస్తే పిన్నులు చూసి పెట్టండి, రెండిట్లో ఒకటి లావు, ఒకటి సన్నం. తిరగేసి బలవంతంగా నొక్కితే సాకెట్ పాడవుతుంది.

ఎంత పెద్దగా వింటున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం, జనం పట్టించుకోనిదీ అదే. శబ్దం తగ్గించేకొద్దీ చెవికి బేస్ మిగతావాటికన్నా త్వరగా మాయమవుతుంది, ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. పాతవాటితో పెద్దగా, కొత్తవాటితో చిన్నగా విని "బేస్ లేదు" అంటే ఆ తీర్పుకి విలువ లేదు. ఒక పాటకి హాయిగా ఉండే వాల్యూమ్ చూసుకుని, అది ఎన్నో గీత మీద ఉందో కాగితం మీద రాసి, వారమంతా అక్కడే ఉంచండి. ప్లేయర్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేయండి, లేకపోతే కొత్త పాటకీ పాత పాటకీ మధ్యే బోలెడంత తేడా వస్తుంది. ఫోన్‌లో డాల్బీ అట్మాస్, లాప్‌టాప్‌లో "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్" అన్నీ ఆపేయండి.

ఇంకో ప్రమాదం ఉంది. మంచి హెడ్‌ఫోన్‌లో పెద్ద శబ్దం కూడా గరగర లేకుండా శుభ్రంగా వస్తుంది. గరగర లేదు కదా అని చెయ్యి తనంతట తానే వాల్యూమ్ పెంచుతూ పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది: 83 దగ్గర 20 గంటలు, 89 దగ్గర 5 గంటలే.

ఏం వినాలి? ముందు మాట్లాడే గొంతు. ప్రవచనమో, రేడియో వార్తలో. మనిషి గొంతు ఎలా ఉంటుందో చెవికి పుట్టినప్పటి నుంచీ తెలుసు కాబట్టి అక్కడ మోసం చెల్లదు. డబ్బాలోంచి మాట్లాడినట్టుంటే మధ్య భాగంలో ఏదో తేడా. "శ, ష, స, చ" లు ఈలలా కోస్తుంటే 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడో శిఖరం (ధ్వని హఠాత్తుగా ఎగిసే చోటు) ఉంది. తర్వాత మృదంగం: ఎడమవైపు తొప్పి మీద అరచేతి కింది భాగం జార్చి తీసే గుంకి చెవికి సాగుతూ వినపడాలి, "డబ్" అని తెగిపోకూడదు. తంబుర వెనక సన్నగా నిలిచి ఉందా, గాత్రం మొదలవగానే మాయమవుతోందా చూడండి. పాటలు మార్చకుండా అవే అయిదారు వినడం విసుగే, కానీ రోజుకో కొత్త ప్లేలిస్ట్ వింటే మారింది పాటో చెవో తెలియదు. ఒక్కసారికి ముప్పావుగంట చాలు. బైక్ మీదో ఆర్టీసీ బస్సులోనో గంట ప్రయాణం చేసి వచ్చి వెంటనే తీర్పు చెప్పొద్దు, ఆ రొదకి చెవి మొద్దుబారి ట్రెబుల్ (సన్నటి పైస్థాయి ధ్వని) తగ్గినట్టు ఉంటుంది.

ఓపెన్ బ్యాక్ కొన్నవాళ్లు సీలింగ్ ఫ్యాన్‌ని మర్చిపోతారు. అయిదో నంబర్ మీద తిరిగే ఫ్యాన్ హోరు సన్నటి వివరాలనీ బేస్‌నీ కప్పేస్తుంది, పైగా గాలి నేరుగా గ్రిల్‌కి తగిలి బుసబుసమంటుంది. ఫ్యాన్ కింద బాలేదన్న హెడ్‌ఫోన్ ఏసీ గదిలో బాగుండటంలో మాయేమీ లేదు. రెండు పిన్నుల ఛార్జర్ పెట్టిన లాప్‌టాప్‌కి యూఎస్‌బీ డ్యాక్ (డిజిటల్ పాటని శబ్ద సంకేతంగా మార్చే పరికరం) తగిలిస్తే వచ్చే గుర్రుమనే శబ్దం కూడా హెడ్‌ఫోన్‌ది కాదు. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద చూడండి, పోతే ఎర్తింగ్ సమస్య.

ఆ వారం పాత ఇయర్‌బడ్స్ బీరువాలో పెట్టేయండి. గంటకోసారి మార్చి మార్చి వింటే చెవి ఎటూ కుదురుకోదు. వారం చివర ఒక్కసారి పాతవి తీసి అదే పాట వినండి. పాతవాటిలో గొంతు దుప్పటి కప్పుకున్నట్టు ఉంటే మీరు కొత్తదానికి అలవాటు పడ్డట్టే. పాతవి పెట్టగానే "హమ్మయ్య" అనిపిస్తే అదీ సమాధానమే, బలవంతం అనవసరం.

మొత్తం మీద బేస్ తక్కువ, ట్రెబుల్ ఎక్కువ లాంటి వెడల్పాటి వంపుని మెదడు కొన్ని రోజుల్లో సర్దేస్తుంది. ఇరుకైన శిఖరాన్ని సర్దదు, ఎందుకంటే అది అన్ని పాటల్లోనూ ఉండదు, ఏదో ఒక స్వరానికి, ఏదో ఒక "స" కి హఠాత్తుగా పొడుచుకొస్తుంది. 2009లో వచ్చిన హెచ్‌డీ 800 ఇందుకు పేరుమోసింది: 6 కిలోహెర్ట్జ్ దగ్గర శిఖరం. తర్వాత వచ్చిన హెచ్‌డీ 800 ఎస్‌లో దాన్ని అణచడానికి ప్రత్యేకంగా అబ్జార్బర్ పెట్టారు. అసలు మోడల్ ఉన్నవాళ్లు ఈక్యూలో (ఈక్వలైజర్, ధ్వనిలో ఏ భాగాన్ని పెంచాలో తగ్గించాలో చెప్పే సాధనం) 6 కిలోహెర్ట్జ్, మైనస్ 4 లేదా 5 డెసిబెల్స్, క్యూ (ఆ మార్పు ఎంత ఇరుకో చెప్పే అంకె) 3 దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దుకోవచ్చు. శిఖరం ఎక్కడుందో తెలియకపోతే టోన్‌ని 4 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా తక్కువ వాల్యూమ్‌లో జరిపి, ఎక్కడ ఎగిరిందో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత కప్పుల్ని అర సెంటీమీటరు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ చూడండి. చోటు మారిపోతే అది మీ చెవి దొప్పకీ ప్యాడ్‌కీ మధ్య వ్యవహారం, ఈక్యూతో కాకుండా పెట్టుకునే తీరుతో సరిచేయాలి.

హెచ్‌డీ 600కి బేస్ కావాలంటే విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో పవర్‌యాంప్ ఈక్వలైజర్ లాంటివి చాలు: 100 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ కిందిదంతా ఎత్తే ఫిల్టర్), ప్లస్ 4 డెసిబెల్స్, క్యూ 0.7. పెంచినంతా అదే యాప్‌లోని ప్రీయాంప్‌లో (మొత్తం స్థాయిని మార్చే సెట్టింగ్) తగ్గించాలి, అంటే మైనస్ 4. లేకపోతే పెద్ద దెబ్బలు వచ్చినప్పుడు క్లిప్ అయి చిట్లుతుంది. 6 దాటి పెంచితే డ్రైవర్ ఆయాసపడుతుంది, లోతుకి బదులు వాపు వస్తుంది.

యాంప్ విషయంలో పెద్ద హడావుడి అక్కర్లేదు. 2 వోల్ట్‌లు ఇవ్వగల డాంగిల్ (ఫోన్‌కి తగిలించే చిన్న డ్యాక్) ఉంటే 300 ఓమ్‌లకి సుమారు 13 మిల్లీవాట్లు, ఇంట్లో వినడానికి సరిపోతుంది. చూడాల్సింది అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే యాంప్ తన వైపు నుంచి చూపే విద్యుత్ నిరోధం. హెచ్‌డీ 600 ఇంపిడెన్స్ 100 హెర్ట్జ్ దగ్గర 500 ఓమ్‌లు దాటుతుంది. 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న పాత యాంప్‌కో, కొన్ని ట్యూబ్ యాంపులకో తగిలిస్తే అక్కడ డెసిబెల్ పైచిలుకు లేస్తుంది. "యాంప్ మార్చగానే వెచ్చదనం వచ్చింది" అనే మాటల్లో కొన్నిటి వెనక ఉన్నది ఇదే.

విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో తోలు లాంటి పీయూ ప్యాడ్స్ త్వరగా పొలుసులు రాలతాయి. విన్నాక పొడిబట్టతో తుడిచి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. ప్యాడ్ మారిస్తే కంపెనీదే కొనండి. అందంగా ఉందని మందపాటి వేరే ప్యాడ్ వేస్తే కొత్త హెడ్‌ఫోన్ కొన్నట్టే, అలవాటు మళ్లీ మొదటి నుంచి.

టోన్‌కి జిర్రుమన్నా, తిప్పి పెట్టినా, యాంప్ మార్చినా పక్కకే జరిగిన గొంతైనా, బ్యాండ్ సర్దినా అరగంటకే నడినెత్తిన నొప్పి పుట్టినా, అలవాటు కోసం ఎదురుచూడకండి. గడువులోపే బిల్లు, డబ్బా, లోపలి ఫోమ్, 6.3 మిల్లీమీటర్ల అడాప్టర్‌తో సహా తిప్పి పంపేయండి. అడాప్టర్ లేదని డబ్బు కోసే దుకాణాలూ ఉన్నాయి.